నేలకు జానెడు దూరంలో

"ఇది నేర్చుకుంటే మోకాళ్ళు వంగుతాయా మాస్టారూ?"

మొన్న తై చీ క్లాసులో కొత్తగా చేరిన ఒకామె మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇది. మా మాస్టారు సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. ఎవరేం అడిగినా షెడ్డు రేకులు అదిరేలా "అవుతుంది!" అని అరవడం ఆయన పద్ధతి. మొన్న అరవలేదు. నా వైపు చూశారు. అడిగినదానికీ అడగనిదానికీ కూడా జవాబు చెప్పే మనిషినని ఊళ్ళో నాకు పేరు. నేను నేల వైపు చూశాను. ముందు వరసలో కిటికీ పక్కన, బలపంతో గీసిన రెండు పాదాల గుర్తులు అలాగే ఉన్నాయి. ఆ చోటు ఖాళీగానే ఉన్నా, అక్కడ నిలబడమని కొత్తామెకు ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

అది ఆపా చోటు.

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమె కంటే పెద్దవాడైన రిటైర్డు పోస్టుమాస్టరు గారు కూడా ఆపా అనే పిలిచేవారు. మార్కాపురంలో సగం మంది ఆడవాళ్ళ చేతులు ఆమెకు తెలుసు. మొహాలు మర్చిపోయేది కానీ చేతులు మర్చిపోయేది కాదు. ఇంటి ముందు గదిలో చాలా ఏళ్ళు గాజుల దుకాణం నడిపిన మనిషి మరి.

నేను తై చీలో చేరింది ఆరోగ్యం మీద ప్రేమతో కాదు. కుడి భుజం బిగుసుకుపోయి చెయ్యి పైకి లేవడం మానేసింది. జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను. బోర్డు మీద సగం నుంచి కిందికి మాత్రమే రాస్తుంటే, మేడం పొట్టిదైపోయిందని పిల్లలు నవ్వుకున్నారు. మందులు పని చెయ్యలేదు. "నీ నోటికి ఇచ్చే వ్యాయామంలో సగం చేతికి ఇచ్చుంటే ఈ గతి పట్టేది కాదు" అన్నాడు మా ఆయన. ఆయన మీద కోపంతోనే మర్నాడు తెల్లారి పొదిలి రోడ్డులో ఉన్న ఆ షెడ్డుకు వెళ్ళాను.

ఒకప్పుడు పలకల ఫ్యాక్టరీ అది. మూతపడి చాలా కాలమైంది. నేలంతా పలక రాయి పరిచి ఉంటుంది, నల్లగా, చల్లగా, నున్నగా. ఎవరు ఎక్కడ నిలబడాలో, అడుగు ఎటు వెయ్యాలో మాస్టారు దాని మీద బలపంతో గీసేవారు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు పలకను తొక్కడం అంటే మనసొప్పదు. పోస్టుమాస్టరు గారు రోజూ లోపలికి అడుగు పెట్టే ముందు వంగి నేలను తాకి కళ్ళకద్దుకునేవారు. మొదటిరోజు ఆయన అలా వంగి లేస్తుంటే, పక్కనే నిలబడి రెప్ప వెయ్యకుండా చూస్తున్న మనిషి కనిపించింది. సన్నగా, తెల్లగా, నల్ల బురఖా మీద గళ్ళ తువ్వాలు కప్పుకుని. నడుము నుంచి మెడ దాకా కర్ర కట్టినట్టు నిటారుగా. పక్కకు చూడాలంటే మెడ తిప్పదు, మనిషి మొత్తం తిరుగుతుంది.

అలా మొత్తంగా నా వైపు తిరిగింది.

"చూడు టీచరమ్మా, ఆ ముసలాయన ఎట్ల వంగుతాడో. దిష్టి తగల్తాది, చూడొద్దనుకుంటా. చూస్తా" అంది.

నేనెవరో ఆమెకెలా తెలుసని అడిగేలోపే నా కుడిచెయ్యి పట్టేసుకుంది. బొటనవేలు లోపలికి మడిచి, వేళ్ళ కణుపులు నొక్కి చూసి, "నీ చేతికి రెండూ ఆరు గాజు పడతాది. కానీ ఇట్ల బిగబడితే రెండూ ఎనిమిది కూడా ఎక్కదు. వదులు చెయ్యి. ఎవురితో తగాదాకు పోతన్నావు తెల్లారేపాటికి?" అంది.

"పిడికిలి బిగించలేదు నేను" అన్నాను.

"మాట బిగించినావు. చేతికి అదే వస్తాది."

అని నవ్వింది. నవ్వేటప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఆమెకు ఎప్పుడూ ఉన్న అలవాటని తర్వాత తెలిసింది. పెళ్ళికి ముందు ఆమెది పుల్లలచెరువు అవతల అడవి అంచున ఒక పల్లె. అక్కడి బోరింగు ఫ్లోరైడు నీళ్ళకు చిన్నప్పుడే పళ్ళ మీద గోధుమరంగు చారలు పడ్డాయి. ఆ నీళ్ళు పళ్ళతో ఊరుకోలేదు. ఎముకల్లోకి దిగాయి. యాభై దాటేసరికి వెన్ను, మెడ, తుంటి, మోకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకున్నాయి. గాజుల దుకాణంలో కింద కూర్చునే మనిషి ముందు పీట మీదికి, తర్వాత స్టూలు మీదికి, ఆఖరికి కుర్చీ మీదికి చేరింది. కుర్చీలో కూర్చుని గాజులు తొడగడం చేతకాదని దుకాణం కోడలికి ఇచ్చేసింది. అదేం పెద్ద బాధ కాదు ఆమెకు. బాధంతా ఇంకొక కుర్చీ గురించి.

"నాకు నడక కోసరం కాదు, షుగరు కోసరం కాదు. సజ్దా కోసరం వచ్చినాను" అని మొదటివారంలోనే చెప్పింది నాకు. నమాజులో మోకాళ్ళ మీద వంగి నుదురు నేలకు ఆనించడాన్ని సజ్దా అంటారు. ఆపా నుదురు నేలను తాకి కొన్నేళ్ళయింది. కొడుకు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కొనిపెట్టాడు. రోగులు కుర్చీలో కూర్చుని నమాజు చదువుకోవచ్చు, తల కాస్త వంచితే చాలు, దానికి అనుమతి ఉంది. ఆమె అలాగే చదివేది, ఐదు పూటలా, సిగ్గుపడుతూ.

"కుర్చీలో కూచొని మాట్లాడేది తాసిల్దారు. నేనేమన్నా తాసిల్దారునా, పైవాడితో కుర్చీలో కూచొని మాట్లాడేదానికి? ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తల నేలకు పెట్టి, ఆ తర్వాత పోయినా సరే."

నాకు గుళ్ళకు తిరిగే అలవాటు లేదు. కానీ వాదన అంటే వదిలిపెట్టను. "మినహాయింపు ఇచ్చారంటే అది నీ హక్కు ఆపా. హక్కును వాడుకోవడానికి సిగ్గెందుకు? ఇచ్చినవాడే సరే అన్నాక మధ్యలో నీ అభ్యంతరం ఏంటి?" అన్నాను. క్లాసులో పాఠం చెప్పినట్టే చెప్పాను.

ఆమె ఓపిగ్గా విని, "అల్లా మాఫ్ చేసినాడు తల్లీ. నేనే నా మోకాలిని మాఫ్ చెయ్యలా" అంది.

ఇంకోరోజు ఇంకో ఉపాయం చెప్పాను. ముందర ఎత్తుగా ఒక పీట వేసుకుని, దాని మీద దిండు పెట్టుకుంటే నుదురు ఆనుతుంది కదా అని.

"నక్కో" అంది గట్టిగా. వద్దనడానికి ఆమె ఎప్పుడూ వాడే మాట అది. "నేల నా కాడికి రాకూడదు టీచరమ్మా. నేనే నేల కాడికి పోవాల. అదే కదా సంగతంతా!"

కాలేజీలో ప్రిన్సిపాల్‌ని నోరు మూయించిన దాన్ని నేను. ఆ పీట మాట మళ్ళీ ఎత్తలేదు.

మాస్టారిది గిద్దలూరు పక్క ఊరు. సర్వీసులో ఎక్కడో ఈశాన్యం కొండల్లో ఉన్నప్పుడు తోటి సిపాయి ఒకాయన దగ్గర ఈ విద్య పట్టుకున్నారు. తై చీ అంటే యుద్ధవిద్యే, కానీ నీళ్ళలో చేస్తున్నట్టు అంత మెల్లగా చెయ్యాలి. ఆ మెల్లదనాన్ని ఆయన పెరేడ్ గొంతుతో నేర్పేవారు. "స్లో! ఇంకా స్లో! ఎవరది ఉరికేది? వెనక శత్రువు లేడు!" అని ఆయన అరిస్తే, మెల్లగా చేస్తున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి గబగబా చేసేవాళ్ళు. ఆపాకు అది చూస్తే నవ్వు ఆగేది కాదు. "హవల్దార్ భాయ్, నువ్వు అరిస్తే నా మోకాలు భయపడి ఇంకా గట్టిగా పట్టుకుంటాంది" అనేది.

"వదులుతుందమ్మా, అవుతుంది! అవుతుంది!"

ఈ "అవుతుంది" మీద ఒకరోజు ఆయన్ని పట్టుకున్నాను. "ఏం చూసి చెబుతున్నారు మీరు? ఆమె ఎముకలు మీరు చూశారా? లేని ఆశ పెట్టడం తప్పు కాదా?" అని అందరూ వెళ్ళాక నిలదీశాను.

ఆయన బలపం ముక్క జేబులో వేసుకున్నారు. ఆయన మామూలు గొంతుతో మాట్లాడటం అప్పుడే మొదటిసారి విన్నాను. "కాదని చెప్తే రేపట్నుంచి రాదు మేడం. రాకుంటే కాళ్ళలో పట్టు పోతది. పట్టు పోతే ఇంట్లో పడిపోతది. పడితే ఆ ఎముక అతకదు. నేను చేసేదంతా ఆమెను పడనీకుండా చూసేదే. దానికి 'అవుతుంది' అనేది ఒక్కటే నా కాడ ఉండే మందు."

సరే, నా మందు నేను వేద్దామని ఆపాను ఒంగోలు తీసుకెళ్ళాను. పెద్ద ఎముకల డాక్టరు. ఎక్స్‌రేలు తీయించాడు. వెలుగు పలక మీద పెట్టి చూపించాడు. వెన్నుపూసల మధ్య ఖాళీ ఉండాల్సిన చోట తెల్లటి వంతెనలు. ఇక వంగదని చెప్పాడు. నేను ఊరుకోలేదు. వ్యాయామం సంగతేమిటి, ఆపరేషన్ సంగతేమిటి, హైదరాబాదు సంగతేమిటి, తుప్పు పట్టిన తలుపు బందుకు నూనె వేస్తే కదలదా అని అడుగుతూ పోయాను.

"అమ్మా, బందు తుప్పు పట్టలేదు. తలుపూ గుమ్మమూ కలిసి ఒకే కొయ్య అయిపోయినాయి" అన్నాడాయన. పాపం, మర్యాదగానే అన్నాడు. పక్కటెముకలు కూడా బిగుస్తున్నాయనీ, దగ్గూ జలుబూ రాకుండా చూసుకోమనీ చెప్పాడు.

ఆపా ఆ ఫోటోను చాలాసేపు చూసింది. "నీళ్ళే కదా తాగినాను. లోపల పలక రాయి అయి కూచున్నాయి చూడు" అంది, వేరెవరిదో వింత చూస్తున్నట్టు.

తిరుగు బస్సు పొదిలిలో ఆగినప్పుడు దిగి నీళ్ళ సీసా కొన్నాను. మూత తీసి ఇచ్చాను. చేతిలోకి తీసుకుని, సీసాను ఎండకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇప్పుడెందుకు తల్లీ నాకు మంచినీళ్ళు?" అని నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. తర్వాత మొత్తం తాగేసింది.

కొనకనమిట్ల దాటాక చెప్పింది, వాళ్ళ ఊళ్ళో బోరింగు పడినరోజు సంగతి. అంతకుముందు ఆడవాళ్ళు కోసు దూరం నడిచేవాళ్ళట. బోరింగులో నీళ్ళు పడగానే వాళ్ళ అబ్బా ఊరంతా చక్కెర పంచాడట. మొదటి బిందె కొట్టింది ఆపాయేనట, చిన్నపిల్లని ముద్దుగా ముందుకు తోశారట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. ఆ నీళ్ళు పరీక్ష చెయ్యనివాళ్ళ మీదా? భూమి మీదా? చక్కెర పంచిన ఆ తండ్రి మీదా? పౌరశాస్త్రంలో హక్కుల పాఠం ఉంటుంది, విధుల పాఠం ఉంటుంది. కిటికీలోంచి బయటకు చూస్తే రోడ్డు పక్క ప్రతి ఊళ్ళోనూ ఒక బోరింగు, దాని చుట్టూ బిందెలు.

దిగబోయే ముందు నా చెయ్యి పట్టుకుంది. "డాక్టరు చెప్పింది హవల్దార్ భాయ్‌కి చెప్పొద్దు టీచరమ్మా. ఆయప్ప అవుతాది, అవుతాది అని అరుస్తాంటే నాకు బాగుంటాది. నాకు తెలిసిపోయిందని తెలిస్తే అరవడు."

ఆయనకు ముందే తెలుసని నేను ఆమెకు చెప్పలేదు. ఆమెకు తెలిసిందని ఆయనకూ చెప్పలేదు. నోరున్న మనిషినని పేరు తెచ్చుకుని, ఆ ఇద్దరి మధ్యా మూగదానిలా నిలబడి చేతులు ఊపుతూ పోయాను. నా భుజం మాత్రం కొంచెం కొంచెంగా వదులైంది. బోర్డు పైభాగం అందింది. సిగ్గుగా ఉండేది ఆమె ముందు చెయ్యి ఎత్తాలంటే.

తై చీలో సముద్రం అడుగున సూది అనే భంగిమ ఒకటి ఉంది. ఒక కాలి మీద బరువు మోపి, నడుము నుంచి వంగి, చేతిని సూదిలా నేల వైపు దించాలి. ఆపా దానికి తన చెయ్యి ఒక్కటే దించేది, నడుము నిటారుగా పెట్టి. "సముద్రం నేను చూడలా, సూది మాత్రం ఇంట్లో రోజూ పోతాది, దొరకదు" అనేది. అందరూ నవ్వేవాళ్ళు.

వానాకాలం ముగుస్తున్న రోజుల్లో ఒక ఉదయం, ఆ భంగిమలో ఆమె చెయ్యి ఆగాల్సిన చోట ఆగలేదు. కావాలనే ఇంకా దిగిందో, కాలు జారిందో నాకు తెలియదు. ముందుకు ఒరిగింది. మాస్టారు అరిచిన అరుపుకు నేను దగ్గరికి వెళ్ళేసరికి రెండు మోచేతులూ, మోకాళ్ళూ నేల మీద ఆనించి, బల్లలా నిలిచిపోయి ఉంది. దెబ్బ తగిలిందా అని అడుగుతూ భుజాల కింద చేతులు పెట్టబోయాను.

"ఉండు. లేపొద్దు" అంది.

అందరం ఆగిపోయాం.

"నేను ఎటు పడినాను?"

నాకు వెంటనే అర్థం కాలేదు. కిటికీలోంచి ఎండ ఆమె మొహం మీదే పడుతోంది. "తూర్పుకు" అన్నాను.

"అయ్యో" అని నవ్వింది. రెండు చేతులూ నేల మీద ఉన్నాయి కాబట్టి నోటికి అడ్డం పెట్టుకోవడానికి లేదు. అన్నాళ్ళ పరిచయంలో ఆమె నవ్వు పూర్తిగా చూసింది అప్పుడే. గోధుమరంగు చారల పళ్ళన్నీ కనిపించాయి. అందంగా ఉంది. "ఇన్నేళ్ళకు కిందికి వచ్చి కూడా వీపు చూపించినాను ఆయనకు. తిప్పు టీచరమ్మా నన్ను."

మాస్టారు మూలనున్న దుప్పటి తెచ్చి మడిచి, ఆమె మోకాళ్ళ కింద, మోచేతుల కింద మెల్లగా జొప్పించమని నాకు అందించారు. తర్వాత ఆయనొక అంచు, నేనొక అంచు, పోస్టుమాస్టరు గారు ఇంకొక అంచు పట్టుకున్నాం. పలక రాయి నున్నగా ఉంటుంది. ఆమెను తొణకనీయకుండా, కాస్త కాస్తగా, నమాజుకు మొహం పెట్టే పడమటి వైపు తిప్పాం. అంత మెల్లగా మేమెప్పుడూ ఏ భంగిమా చెయ్యలేదు. స్లో అని ఎవరూ అరవలేదు.

దుప్పటి ముందు కొస తనే పక్కకు నెట్టింది, నుదుటి కింద రాయి మాత్రమే ఉండేలా. తల దించింది. మెడ రాలేదు. వెన్ను రాలేదు. మోచేతులు ఇంకొంచెం చాచింది. నుదుటికీ నేలకూ మధ్య జానెడు మిగిలింది. మళ్ళీ ప్రయత్నించింది. గొంతులోంచి సన్నగా శబ్దం వచ్చింది. ఇంకాస్త జారి బోర్లా పడిపోతే నుదురు ఆనేదే. కానీ అది పడుకోవడం అవుతుంది, సజ్దా కాదు. నాకే తట్టిన సంగతి ఆమెకు తెలియకుండా ఉంటుందా?

నేను చూడలేక నా అరచెయ్యి ఆ ఖాళీలో పెట్టాను.

"చెయ్యి తియ్యి టీచరమ్మా" అంది. కసరలేదు. మెల్లగానే అంది.

తీశాను. ఆ జానెడు చోటును చూస్తూ ఉండిపోయాను. మాస్టారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. పోస్టుమాస్టరు గారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. ఆమె ఆ ఎత్తులోనే, ఆ జానెడు పైనే, పెదాలు కదుపుతూ చదువుకుంది. ఒక చుక్క కింది రాయి మీద పడి నల్లగా మెరిసింది. చెమటో, కన్నీరో.

"చాలు. లేపండి" అంది చివరికి.

లేపాక బురఖా దులుపుకుని, తన బలపం పాదాల్లో వెళ్ళి నిలబడింది. "హవల్దార్ భాయ్, ఏంది మూగనోము? గట్టిగా అరువు!" అంది.

ఆయన తిరిగారు. నోరు తెరిచారు. "అవుతుంది" అన్నారు. రేకులు అదరలేదు.

ఆ తర్వాత కూడా ఆమె వచ్చింది. చలి మొదలయ్యాక నెమ్ము చేసింది. బిగుసుకున్న పక్కటెముకల మధ్య ఊపిరి సరిగా ఆడక, ఆస్పత్రిలోనే చనిపోయింది. మాస్టారే నాకు ఫోన్ చేసి, "మేడం, ఆపా" అని ఆగిపోయారు. ఆ పైన చెప్పాల్సింది లేదు.

నేను వెళ్ళేసరికి స్నానం చేయించి, తెల్లబట్ట చుట్టి, వాకిట్లోకి తెచ్చారు. కాళ్ళు పూర్తిగా చాపడానికి ఇబ్బంది పడ్డామని స్నానం చేయించిన ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. బతికున్నప్పుడు వంగని మోకాళ్ళు ఇప్పుడు చాపితే చాపుకోవన్నాయి. మగవాళ్ళు ఎత్తుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకే మాస్టారు నడిచారు, చేతులు పక్కలకు బిగించి, పెరేడ్‌లో లాగా. ఆడవాళ్ళం మేము ఇంట్లోనే మిగిలాం.

నా నోరు ఊరుకోదు కదా. పక్కనున్న కోడల్ని అడిగాను. "అక్కడ ఆమె కోసం అందరూ నమాజు చదువుతారు కదమ్మా. ఆమె పేరు చెప్పి ఎవరైనా సజ్దా చేస్తారా?"

ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల మొహం ఉబ్బిపోయి ఉంది. "లేదు మేడం. జనాజా నమాజులో సజ్దా ఉండదు. వంగేది కూడా ఉండదు. అందరూ నిలబడే చదువుతారు."

ఒక్కసారి కూడానా అని అడగబోయాను. ఇదెక్కడి న్యాయం, ఆమెకు ఈ ఒక్కటైనా జరగొద్దా అనబోయాను. అనడానికి ఎదురుగా ఉన్నది అత్తను పోగొట్టుకున్న ఈ పిల్ల. ఇంకెవరితో వాదించాలో తెలియలేదు. ఈపాటికి ఊరి అవతల అంతమంది మగవాళ్ళూ వరసలు కట్టి ఆపాలాగే నిటారుగా నిలబడి ఉంటారు.

"ఎంతసేపు నిలబడతారు మేడం, కూచోండి" అని కోడలు లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి నా వెనక వేసింది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. చేతుల మీద రంగు అరిగిపోయి ఉంది.

వద్దని చెప్పి, గోడవారన నేల మీద కూర్చున్నాను. నా మోకాళ్ళు ఇట్టే వంగాయి.